స్లాబు కింద సంతకం

"వందంటే వంద రోజులు! నూటొకటో దినం ఈ డిపార్ట్‌మెంట్ ప్రపంచ స్థాయిల ఉంటది. లేకుంటే నా పేరు మార్చుకుంట!"

2008 నవంబరులో, నాచారంలో, విశ్వవిద్యాలయం వారి మెకానికల్ ఇంజనీరింగ్ విభాగం గేటు ముందు మంత్రిగారు ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు నేను మైకు పక్కనే ఉన్నాను. మంత్రిగారు అంతకుముందు ఉప్పల్‌లో మురికికాలువ గురించీ, కాప్రా చెరువు గురించీ ఇలాగే పేరు పణంగా పెట్టారు. ఆయన పేరు ఇప్పటికీ అదే కాబట్టి ఆ రెండు పనులూ పూర్తయ్యాయనే అనుకోవాలి. వాసన సంగతి వేరు.

నా పేరు ఉమాశంకర్. గేటుకు ఎదురుగా రేకుల కప్పు కింద ఉన్న జిరాక్స్ సెంటర్ నాదే. ఈ రాష్ట్రంలో సాంకేతిక విద్యను ప్రొఫెసర్లు నడుపుతున్నారని కొందరు అమాయకులు అనుకుంటారు. అనుకోనివ్వండి, నేనేం మాట్లాడను. కానీ ల్యాబ్ రికార్డు అనేది ఒకటుంటుంది. ప్రతి విద్యార్థీ ల్యాబులో పన్నెండు ప్రయోగాలు చేసి, ఫలితాలు ఆ పుస్తకంలో రాసి, విభాగం పెద్ద హెచ్‌ఓడీ గారి సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేనివాడు పరీక్షకు కూర్చోలేడు. ప్రయోగం చెయ్యాలంటే మిషను పని చెయ్యాలి. ఇనుప కడ్డీని లాగి తెంపి దాని బలం చెప్పే మిషను మా డిపార్ట్‌మెంటులో 1983లో ఆగిపోయింది. దాన్ని అక్కడ యూటీఎం అంటారు. అది ఆగినా చదువు ఆగలేదంటే కారణం నా దగ్గరున్న ఒరిజినల్.

ఒరిజినల్ అంటే 1986 బ్యాచ్ వాళ్ళ రికార్డు. దాన్ని చూసి ఎనభై ఏడు వాళ్ళు రాశారు, వాళ్ళను చూసి ఎనభై ఎనిమిది వాళ్ళు రాశారు. నేను కొట్టు పెట్టాక పేజీలు పాడవకుండా జిరాక్స్ తీసి అమ్మడం మొదలుపెట్టాను. అందులో పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీ నాలుగు వేల ఎనిమిది వందల అరవై కిలోల దగ్గర తెగుతుంది. ఇరవై రెండేళ్ళుగా, ఎండాకాలమైనా వానాకాలమైనా, అందరికీ సరిగ్గా 4860 దగ్గరే తెగింది. ఇంత నిలకడ ఏ దేశపు ఇనుముకైనా ఉందేమో చూపించండి!

ఇక సంస్కరణలకు వద్దాం. మొదట సిలబస్ కమిటీ పడింది. కత్తెర, గమ్ము, జిరాక్స్ మిషను మూడూ ఒకేచోట దొరికేది నా దగ్గరే కనక కమిటీ నా కొట్టులోనే కూర్చుంది. అధ్యక్షులు హెచ్‌ఓడీ చిదంబరం గారు. చాలా మర్యాదస్తులు, సంతకం ఆకుపచ్చ సిరాతో పెడతారు. పరిశ్రమల తరఫున సభ్యుడు కనకరాజు. ఆయనకు ఇనుప కడ్డీల మిల్లు ఉంది, కట్టుబడి కాంట్రాక్టు ఉంది, మంత్రిగారికి స్వయానా బామ్మర్ది. మూడు అర్హతలున్న మనిషి ఒక్క కుర్చీలో పట్టడం కష్టమే, అయినా సర్దుకుని కూర్చున్నాడు.

"కనకరాజు గారూ, మా విద్యార్థుల్లో పరిశ్రమకు ఏం కావాలి?" అని చిదంబరం గారు పెన్ను తీశారు.

"ఏం గావాలె సారూ! చెప్పింది ఇనాలె. ఎదురు మాట్లాడొద్దు."

"కమ్యూనికేషన్ స్కిల్స్, వారానికి నాలుగు పీరియడ్లు" అని సార్ రాసుకున్నారు. "ఇంకా?"

"ఎక్కువ దిక్కులు జూడొద్దు."

"ఫోకస్డ్ లెర్నింగ్, మూడు పీరియడ్లు. మరి లెక్కలు?"

"లెక్కల ఫికర్ మీకెందుకు సారూ? అవి మేం జూస్కుంటం."

లెక్కల పేపరు ఒకటి తగ్గింది. విదేశీ యూనివర్సిటీల సిలబస్‌లు రెండు ఇంటర్నెట్ నుంచి దించి, కత్తిరించి, అతికించి, పైన మన విశ్వవిద్యాలయం ముద్ర పెట్టి నేను జిరాక్స్ తీశాను. అతుకు గీతలు పడకుండా తీయడం ఒక విద్య. ఆ విద్య ఏ సిలబస్‌లోనూ లేదు, నా చేతిలో ఉంది.

భవనం సంగతి చెప్తే మీరు నమ్మరు. డెబ్బై రోజుల్లో లేచింది! కాంట్రాక్టు కనకరాజుదే, కడ్డీలు కనకరాజు మిల్లువే. స్లాబు వేసిన నాలుగో రోజుకే, దాన్ని కింద మోసే సెంట్రింగు చెక్కలు పీకేశారు. ల్యాబు మెకానిక్ పెంటయ్య ఊరుకోలేక, "గంత జల్దీ ఎందుకు సేటూ? నీళ్ళన్న సక్కగ పట్టలేదు" అన్నాడు. పెంటయ్యది ఈ నాచారమే, ముప్పై ఏళ్ళ సర్వీసు. కనకరాజు నవ్వి, "ఎలక్షన్ కోడ్ వస్తున్నదే పెంటయ్యా. స్లాబు ఆగుతది, కోడ్ ఆగదు" అన్నాడు. ఇంత దూరదృష్టి ఉన్నవాళ్ళు ఇంజనీరింగు చదవకపోవడం ఇంజనీరింగుకే నష్టం.

ఒక్క పొరపాటు జరిగింది. కొత్త యూటీఎం కోయంబత్తూరు నుంచి తెప్పించారు. ఆ కంపెనీ వాళ్ళకు మన పద్ధతులు తెలియవు పాపం. పని చేసే మిషను పంపించేశారు.

ప్రారంభోత్సవంలో మంత్రిగారి ముందు కడ్డీ తెంపి చూపించడానికి ఫైనలియర్ ప్రవీణను ఎంపిక చేశారు. క్లాసు ఫస్టు అమ్మాయి. తండ్రి రాజయ్య ఆలేరు వైపు నుంచి వచ్చి నాచారంలో బోల్టుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. కాపురం బోడుప్పల్‌లో ఒక్క గది. ఆ పిల్లకు చర్లపల్లిలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. పని ఏమిటంటే కడ్డీలను పరీక్షించడం. జూన్‌కల్లా డిగ్రీ చేతిలో ఉండాలన్నది షరతు. డిగ్రీకి పరీక్ష కావాలి, పరీక్షకు రికార్డు మీద ఆకుపచ్చ సంతకం కావాలి. రాజయ్య నా కొట్టుకొచ్చి ఆ ఉద్యోగం కాగితాన్ని నాలుగు కాపీలు తీయించుకుని, ఒకటి జేబులోనే పెట్టుకుని తిరిగేవాడు.

రిహార్సల్ రోజున నేను మిషనుకు అంటించాల్సిన స్టిక్కర్లతో వెళ్ళాను. కడ్డీ ముక్క లేదంటే పెంటయ్య భవనం వెనక మిగిలిన కడ్డీల్లోంచి ఒకటి కోసుకొచ్చాడు. ప్రవీణ బిగించి మీట నొక్కింది. అంకెలు పైకి పాకుతున్నాయి. వెయ్యి, రెండు వేలు, ఇరవై ఐదు వందలు... టప్!

2910.

"మళ్ళీ చెయ్యమ్మా, సరిగా బిగించి ఉండవు" అన్నారు చిదంబరం గారు. రెండో ముక్క 2895 దగ్గర, మూడోది 2920 దగ్గర తెగాయి.

"మిషను పాడైంది" అని సార్ తేల్చేశారు.

ప్రవీణ సంచిలోంచి ఇంకో ముక్క తీసింది. వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలోంచి అడిగి తెచ్చుకుందట, అదీ పన్నెండు మిల్లీమీటర్లదే. బిగించింది. అది 4905 దాకా ఆగి తెగింది.

"మిషన్ మంచిగనే ఉంది సార్" అంది ప్రవీణ.

"మరి ముందు తెగినవి ఎక్కడివి?"

"వెన్కాల మిగిలినయి సార్" అన్నాడు పెంటయ్య. "స్లాబుకు ఏసినయి గవే."

చిదంబరం గారు తలెత్తి పైకి చూశారు. మేమూ చూశాం. కొత్త సున్నం తెల్లగా మెరుస్తోంది. సార్ ఏదో గుర్తొచ్చినట్టు చేతి గడియారం చూసుకుని గబగబా బయటికి నడిచారు. బయట వేపచెట్టు కిందికి చేరాక గానీ ఆగలేదు. నాక్కూడా కొట్టులో పని గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం నా కొట్టులో అత్యవసర సమావేశం. కనకరాజు బల్ల గుద్దాడు.

"మిషన్ తప్పు జూపిస్తుంది సారూ! వాపస్ పంపుండ్రి!"

"ఇంకో కడ్డీకి సరిగ్గానే చూపించిందండీ" అని సార్ నసిగారు.

"మీ పిల్లలు ఇరవై రెండేండ్ల సంది ఏం రాస్తున్రు? నాలుగు వేల ఎనిమిది వందల అరవై. మీరేం సంతకం జేస్తున్రు? గదే. ఇరవై రెండు బ్యాచులు అబద్ధం, నిన్న లారీ దిగిన మిషన్ నిజమా? ఉమాశంకర్, ఒరిజినల్ తియ్యి!"

ప్రభుత్వ వ్యవహారంలో సాక్ష్యం అడిగారంటే ఎవరికి గర్వం ఉండదు! నేను బీరువా తెరిచి, గుడ్డ విప్పి, ఒరిజినల్ తీసి బల్ల మీద పెట్టాను. కనకరాజు మొదటి పేజీ తిప్పాడు. పేరు: కె. చిదంబరం. హాల్‌టికెట్టు నంబరుతో సహా, ఆ గుండ్రటి దస్తూరీలోనే.

సార్ మొహం వెలిగింది. "అవును కదూ! నా చేత్తో రాసిన రీడింగు."

మూలన నిలబడ్డ పెంటయ్య తల గోక్కున్నాడు. "ఎనభై ఆరుల రాసిన్రా సార్? మరి మిషన్ ఎనభై మూడులనే బంద్ అయిపాయె గద?"

కనకరాజు టక్కున ఒరిజినల్ మూసేశాడు. పెద్దల మధ్య చిన్నవాళ్ళు మాట్లాడకూడదనే సంస్కారం పెంటయ్యకు ముప్పై ఏళ్ళ సర్వీసులో అబ్బలేదు.

చివరకు తీర్మానం అయింది. సిలబస్ ప్రకారం 4860 రావాలి కనక మిషనును సిలబస్‌కు అనుగుణంగా సవరించాలి. సవరించడం ఎలాగో ఎవరికీ తెలియదు కాబట్టి నన్ను అడిగారు. నేను 4860 అని పెద్ద అక్షరాల్లో ఎర్రరంగు ప్రింటు తీసి, మిషను అంకెల అద్దానికి సరిపోయేట్టు కత్తిరించి, లామినేషన్ చేసి అతికించాను. దూరం నుంచి చూస్తే ఒరిజినల్‌కు దీటుగా ఉంది.

ఇక మిగిలింది ప్రవీణ రికార్డు. ఆ పిల్ల 2910 అని రాసి పట్టుకొచ్చింది. చిదంబరం గారు నా కొట్టు బెంచీ మీద టీ తాగుతున్నారు. ఈమధ్య ఆయన ఆఫీసు పని అంతా ఇక్కడే చూస్తున్నారు.

"కొట్టేసి 4860 అని రాయమ్మా. అరవై మందీ అదే రాశారు."

"రాస్త సార్."

"మంచి పిల్లవు" అని సార్ పెన్ను తీశారు.

"ఒక్కటి సార్. ప్రారంభోత్సవం అయినంక మేం అరవై మందిమి గా స్లాబు కిందనే కూసోవాలె. మీరు గూడ జర లోపటికొచ్చి, గాడ కూసోని సంతకం పెట్టుండ్రి. నాలుగు వేల ఎనిమిది వందల అరవై ఆగే కడ్డీనే గద సార్? మస్తు బలమున్నట్టే గద?"

సార్ పెన్ను మూత పెట్టేశారు. "ఇప్పుడు మీటింగుంది" అన్నారు.

మర్నాడు జలుబన్నారు. ఆ తర్వాత వాస్తు ప్రకారం అటు తిరిగి సంతకం పెట్టకూడదన్నారు. తొమ్మిది రోజులు గడిచాయి. రికార్డులు అప్పగించే గడువు ప్రారంభోత్సవం రోజు సాయంత్రం. రాజయ్య డ్యూటీ దిగి వచ్చి నా కొట్టు ముందు ప్రవీణ పక్కన నిలబడ్డాడు. "బిడ్డా, ఏదో ఒకటి రాసియ్యరాదే. మన బతుకులకు ఇనుము గినుము ఎందుకే? గా నౌకరి పోతే మళ్ళ దొరుకుతదా?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అటు తిరిగి జిరాక్స్ మిషనులో కాగితాలు సర్దుకున్నాను.

ప్రవీణ రికార్డు మూసి చంకలో పెట్టుకుంది. "రాస్త నాయినా. కని నేను రాసినంక గా స్లాబు కింద ఎవరికన్న ఏమన్నయితే, పేపర్ మీద నా చేతిరాతనే ఉంటది."

ఇన్నేళ్ళ రికార్డుల వ్యాపారంలో ఇంత మొండి పిల్లను నేను చూడలేదు. నాకు కోపం కూడా వచ్చింది, చెప్పొద్దూ. అందరూ రాస్తున్నప్పుడు నీకేం వచ్చిందమ్మా అనుకున్నాను.

ప్రారంభోత్సవం ఫిబ్రవరి ఆఖరున, సరిగ్గా తొంభై తొమ్మిదో రోజు. డప్పులు, దండలు, ఫ్లెక్సీలు. మంత్రిగారు కారు దిగి భవనం మెట్ల వైపు రెండడుగులు వేశారు. కనకరాజు పరుగెత్తుకొచ్చి ఆయన చెవిలో ఏదో ఊదాడు. "నిజమా బామ్మర్దీ?" అన్నారు మంత్రిగారు. ఆయన కాలు గాల్లోనే ఆగి, వెనక్కి వచ్చింది.

"నేను ప్రజల మనిషిని!" అన్నారు మైకులో. "ఏసీ రూములల్ల రిబ్బన్ కత్తిరించుడు నాకు నచ్చదు. ప్రజల నడుమ, ఈ రోడ్డు మీది నుంచే, రిమోట్‌తోని ప్రారంభిస్త! దేశంల ఇదే మొదటిసారి!"

చప్పట్లు మిన్నంటాయి. రిమోటు నొక్కారు. అది కనకరాజు కారు తాళంచెవి, ఆ తొందరలో అదే దొరికింది. కారు కుయ్యిమంది. అదే సమయానికి పెంటయ్య లోపల లైటు స్విచ్ వేసి ఎంత వేగంగా వెళ్ళాడో అంత వేగంగా బయటికొచ్చాడు. కిటికీలోంచి నా 4860 ఎర్రగా మెరిసింది. విలేకరులు కిటికీలోంచే ఫొటోలు తీసుకున్నారు. "ఈ భవనం వందేండ్లుంటది. మన పిల్లల భవిష్యత్తు దీని నీడల సురక్షితం!" అని మంత్రిగారు అంటుండగానే వాన మొదలైంది.

అకాల వర్షం కుండపోత! షామియానా ఒక మూల కూలింది. వేదిక మీద మంత్రిగారు, చిదంబరం గారు, కనకరాజు నిలువునా తడుస్తున్నారు. పది అడుగుల దూరంలో కొత్త భవనం, తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఒక్కరూ అటు కదల్లేదు! జనం కోసం తడిసే నాయకులను ఈ కాలంలో ఎక్కడ చూస్తాం? నా కళ్ళు చెమ్మగిల్లాయి, వాన వల్లే కావచ్చు.

ఇక తట్టుకోలేక అందరూ నా రేకుల కొట్టులోకి దూరారు. మంత్రిగారు జిరాక్స్ మిషనుకూ గోడకూ మధ్య ఇరుక్కున్నారు. ప్రవీణ రికార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"సార్, సాయంత్రం అయితే గడువు అయిపోతది. సంతకం."

"ఏ అంకె రాశావు?" అన్నారు చిదంబరం గారు తల తుడుచుకుంటూ.

"రెండు పేజీలు రాసిన సార్. ఒక దాంట్ల 4860, ఒక దాంట్ల 2910. 4860కి పెడ్తనంటే పదండ్రి, కొత్త ల్యాబుల కూసుందాం, ఈడ అందరు ఇరుకిరుకుగ నిలబడ్డరు. మంత్రిగారు గూడ రావచ్చు. 2910 అయితే ఈడనే పెట్టుండ్రి."

మంత్రిగారు భవనం వైపు ఒకసారి చూశారు. స్లాబు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంచు నుంచే కాదు, మధ్యలోంచి కూడా.

"ఏ, సంతకమే గదనయ్యా! గింత దానికి లోపటికి పోవుడెందుకు?" అని మంత్రిగారు కసిరారు. "ఈడనే పెట్టు!"

చిదంబరం గారు నా కౌంటరు మీద రికార్డు పెట్టి, 2910 కింద ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. తేదీ కూడా వేశారు. కనకరాజు ఏదో అనబోయి, తన అంగీ పిండుకోవడంలో పడ్డాడు. ప్రవీణ పుస్తకం అందుకుని, ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"అన్నా, దీనివి అరవై కాపీలు."

నేను వ్యాపారస్తుణ్ణి, కాదనలేను కదా. తీశాను. కాపీలు శుభ్రంగా వచ్చాయి. మర్నాటికల్లా డిపార్ట్‌మెంటులో అందరి దగ్గరా కొత్త ఒరిజినల్ ఉంది. ప్రవీణ పరీక్ష రాసింది, జూన్‌లో చర్లపల్లిలో చేరింది. రాజయ్య నాకు పావుకిలో స్వీట్లు ఇచ్చి వెళ్ళాడు.

పిల్లలు మాత్రం కొత్త ల్యాబులోకి అడుగు పెట్టలేదు. చిదంబరం గారు వేపచెట్టు కింద నిలబడి "లోపలికి వెళ్ళండి, హాజరు వేస్తాను" అన్నారు. "మీరు ముందట నడువుండ్రి సార్, మీ వెన్క వస్తం" అన్నారు అరవై మందీ. సార్ చెట్టు కిందే అందరికీ హాజరు వేశారు. ఆ సెమిస్టరు వంద శాతం హాజరు! విశ్వవిద్యాలయ చరిత్రలో ఇలాంటిది లేదు. ఖరీదైన వస్తువు కదా అని యూటీఎంను జాగ్రత్తగా పాత షెడ్డులోకి మార్చారు.

ఎన్నికలయ్యాయి. మంత్రిగారు మళ్ళీ మంత్రిగారే. జులైలో ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వచ్చి, నా కొట్టులో సమోసాలు తిని, భవనాన్ని రోడ్డు మీద నుంచే చూసి, కొత్త సిలబస్ తిరగేసి, వంద శాతం హాజరు చూసి ముక్కున వేలేసుకుంది. డిపార్ట్‌మెంటుకు మొదటి గ్రేడు ఇచ్చారు. ఆ గ్రేడు మీద అదే భవనానికి ఇంకో రెండు అంతస్తులు మంజూరయ్యాయి. కాంట్రాక్టు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

నిన్న పొద్దున కనకరాజు కొలత టేపు పట్టుకుని వచ్చాడు. ఒక కొస పెంటయ్య చేతికిచ్చి, "లోపటికి పోయి ఎనుక గోడకు పట్టు" అన్నాడు.

"నువ్వు పో సేటూ, నేను ఈడ పట్టుకుంట" అన్నాడు పెంటయ్య.

ఇద్దరూ గుమ్మం నుంచి వెనక్కి తిరిగారు. తర్వాత భవనం చుట్టూ బయటి నుంచే కొలిచి, లోపలి కొలతలు అంచనా మీద రాసుకున్నారు. ఆ కాగితాన్ని కనకరాజు నా దగ్గర మూడు కాపీలు తీయించుకుని వెళ్ళాడు.